మైలేజీ లెక్క సరే, బిడ్డ వయసు లెక్కో?

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ పసిపిల్లలున్న ఇంటివారు బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతారు, ఈఎంఐ అడుగుతారు. ఏ పూట దేనిమీద పోవాలో తేల్చాల్సిన బిడ్డ వయసు మాత్రం లెక్కలోకి రాదు.

పుట్టినప్పటి టీకాలు పోను, తర్వాతివి ఆరు, పది, పద్నాలుగు వారాలకు. అప్పటికి మెడ గట్టిపడదు, ఆ తలకు హెల్మెట్ దొరకదు. ఆసుపత్రికి ఎక్కువగా తిరిగేదేమో ఆ నెలల్లోనే. తల్లి పక్కకు కూర్చుని ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో వెనక కడ్డీని పట్టుకుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏదో ఒక పట్టు సడలుతుంది. ఆటో మాట్లాడుకోవడమే మేలు. షేర్ ఆటో వద్దు.

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు బండి మీద హెల్మెట్, నడిపేవారితో కలిపి బిగించే పట్టీల కట్టు (హార్నెస్) ఉండాలన్న కేంద్ర నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. పిల్లలు బండెక్కిన కాసేపటికే తూగుతారు, నిద్రలో పట్టు వదిలి పక్కకు జారతారు. హార్నెస్ అవసరం అక్కడే. చాలామంది చున్నీతో కట్టేస్తారు. అది నడుము దగ్గరే ఆగుతుంది, పైభాగం ఊగుతూనే ఉంటుంది. భుజాల మీదుగా పట్టీలు రావాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు చాలు.

స్కూటీ ముందు నిలబెట్టడం మరీ తప్పు. సడన్ బ్రేకు పడితే మూతి హ్యాండిల్‌కు తగులుతుంది. పైగా గేటు తీయడానికి తండ్రి దిగుతాడు, ఇంజిన్ ఆపడు. పిల్లాడు ఎక్సలేటర్ తిప్పితే గేర్లు లేని బండి అలాగే దూసుకుపోతుంది. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాల్సిందే. దించేది ఎడమవైపే, సైలెన్సర్ కుడివైపు కాలుతూ ఉంటుంది.

మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపేవారు కాక ఒక్కరే ఎక్కాలి. అంటే ఆలుమగలు, ఒక బిడ్డ కలిస్తేనే ట్రిపుల్ రైడింగ్. హార్నెస్ నిబంధన రాసినవారు పండక్కి దేవరకొండకో అచ్చంపేటకో నలుగురై బయలుదేరే ఇంటిని తలుచుకున్నట్టు లేదు.

ఆ దూరానికి ఆర్టీసీ ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తల్లికీ ఆడపిల్లకూ టికెట్ ఖర్చు లేదు. అయినా బండి తీస్తున్నారంటే అడ్డు సీటే. కాలేజీ వేళ చంకన బిడ్డతో ఎంతసేపు నిలబడతారు? ఆ రద్దీ తగ్గాక ఎక్కి, వెనక చక్రాలకు ముందు వరసల్లో కూర్చుంటే కుదుపూ తక్కువే.

నెలకు రెండు ప్రయాణాల కోసం పాత ఆల్టో కొనేవారూ ఉన్నారు. ముందు సీట్లో ఒడిలో కూర్చోబెడితే బ్రేకు వేసినప్పుడు తల్లి బరువుకూ డాష్‌బోర్డుకూ మధ్య బిడ్డ నలుగుతుంది. వెనకే కూర్చోబెట్టాలి. అక్కడా ఒక చిక్కు: సీటు కవర్లు వేయించినప్పుడు బెల్టు బకిళ్లు కిందకు పోతాయి. చైల్డ్ సీటు బిగించాలంటే అవే ఆధారం. సందులో చెయ్యి పెట్టి బకిల్ పైకి తీసి, బెల్టు గట్టిగా గుంజి, పట్టుకుంటుందని తేలాకే బేరానికి దిగాలి.