బొమ్మ ఆడితే గూగుల్ ఆగదు సామీ

ఈ వారంలో అదే మెసేజ్ ఐదోసారి వచ్చింది. మొదట లాడ్జీలవాళ్ల గ్రూపులో, తర్వాత ట్రావెల్స్ గ్రూపులో, నిన్న పొద్దున ఏకంగా మా చిన్నాన్న దగ్గర్నుంచి. "మీ వెబ్‌సైట్ గూగుల్ మొదటి పేజీకి రావాలా? ఈ ఏడు రహస్యాలు మీకోసం" అని మొదలై, రెండు దండాల బొమ్మలతో ముగుస్తుంది. సైటంతా కదిలే బొమ్మలతో నింపు, రాత తగ్గించు, గూగుల్ తానే వెతుక్కుంటా వస్తుంది అన్నది దాని సారం. తిరుపతిలో 20 ఏండ్లుగా సైట్లు కట్టి బతుకుతున్నవాణ్ణి. "నిజమేనా అన్నా?" అని అడిగేందుకు పంపినవాళ్లు ముగ్గురు. "చూసి నేర్చుకో" అని పంపినవాళ్లు ఇద్దరు.

మొదటి రహస్యం ఇది. సైట్ తెరవంగానే పది సెకన్ల యానిమేషన్ రావాలంట. గోపురం మీద సూర్యోదయం, గంటలు, పూలవాన, ఆఖర్న "ప్రవేశించండి" అని బటన్. జనం ఆగి చూస్తారు, ఆ ఆగడాన్ని గూగుల్ లెక్కేసుకుంటుంది అంటాడు. ఆగుతారు, నిజమే. మూసిన తలుపు ముందు ఎవరైనా ఆగుతారు. బస్టాండులో దిగి ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో ఫోన్ను పట్టుకున్న మనిషికి కావలసింది రూము రేటు, ఫోన్ నంబరు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే బాగున్నట్టు అని కొలత పెట్టింది గూగుల్ వాళ్లే. ఇక గూగుల్ బాట్, అంటే గూగుల్ తరఫున సైట్లన్నీ తిరిగి చదివే ప్రోగ్రాం, బటనే నొక్కదు. లింకు ఉంటే పట్టుకుని పోతుంది, లేకుంటే గుమ్మం చూసి వెనక్కి తిరుగుతుంది. లోపల మీరు వైకుంఠమే కట్టినా దానికి లేనట్టే.

రెండోది, "గూగుల్‌లో ఇప్పుడు ఏఐ ఉంది, యానిమేషన్ లోపలి అక్షరాలు కూడా చదివేస్తుంది" అని. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఇది పుట్టించిన అబద్ధం కాదు, వయసైపోయిన నిజం. ఫ్లాష్ అని అడోబీ కంపెనీ యానిమేషన్ టెక్నాలజీ ఒకటి ఉండేది. దాని ఫైళ్లలోని రాతను చదువుతామని 2008లో అడోబీతో కలిసి గూగుల్ ప్రకటించింది. ఆ ప్రకటన చూపించి ఒక లాడ్జికి మొత్తం ఫ్లాష్‌లోనే సైట్ చేసి డబ్బులు తీసుకున్నది సాక్షాత్తూ నేనే. రాత చదివింది కూడా. కానీ సైటంతా ఒకే ఫైలు, ఒకే అడ్రసు. రూముల పేజీ ఇదిగో అని విడిగా చూపించడానికి అందులో ఏమీ లేదు. ఐఫోన్లో అయితే అసలు తెరుచుకోలేదు. ఫ్లాష్‌ను సెర్చ్‌లో పట్టించుకోబోమని 2019లో గూగుల్ చెప్పేసింది. 2020 డిసెంబరు 31తో అడోబీ చేతులు కడుక్కుంది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆడకుండా ఆపేసింది. "పాత ఫ్లాష్ సైట్ తీసెయ్యొద్దు, దానికి పాత ర్యాంకు ఉంటుంది" అన్న ఐదో రహస్యానికి కూడా ఇదే జవాబు. ఫ్లాష్ ప్లేయర్‌ను అనుకరించే రఫుల్ లాంటివి పెట్టుకుని ఆ ఫైళ్లను ఇప్పటికీ ఆడించుకోవచ్చు, మురిపెం తీరుతుంది. అది కాన్వాస్ అనే బొమ్మల పలక మీద గీసే బొమ్మలోంచి గూగుల్‌కు అక్షరం ముక్క దక్కదు.

ఇప్పటి యానిమేషన్లు వేరు కదా అంటారు. కొంత వేరే. పేజీలో మామూలు రాత ఉంచి దాన్ని సీఎస్ఎస్ అనే అలంకరణ కోడ్‌తో ఊగించుకుంటే ఏ నష్టమూ లేదు, ఊగించండి. లాటీ అనే యానిమేషన్ ఫైల్లో అక్షరాలను గీతలుగా మార్చేస్తే మాత్రం అది బొమ్మే. రాతను జావాస్క్రిప్టుతో, అంటే పేజీ తెరిచాక నడిచే కోడ్‌తో తెప్పిస్తారా, అక్కడ గూగుల్ చేసేది అచ్చం తిరుపతి క్షవరం. ముందు హెచ్‌టీఎమ్ఎల్ మీద, అంటే పేజీ అసలు కోడ్ మీద ఒక గాటు పెట్టి కూర్చోబెడుతుంది, మిగతా తల వంతు వచ్చినప్పుడు. మామూలుగా గుండు పూర్తవుతుంది. స్క్రిప్టు ఎక్కడన్నా తెగిందా, అరగుండుతోనే ఊరికి పోవాలి. పైగా గూగుల్ లెక్కలోకి తీసుకునేది సైట్ ఫోన్ రూపాన్ని. కంప్యూటర్లో రాత ఉంచి, ఫోన్లో ఇరుకని తీసేశారో, ఆ రాత రాయనట్టే.

మూడో రహస్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. "తెలుగు రాతను బొమ్మగా పెట్టండి, అందంగా ఉంటుంది. గూగుల్‌కు తెలుగు ఎలాగూ రాదు." ఎవరయ్యా చెప్పింది? ఈ జబ్బు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. డీటీపీ షాపులో అను ఫాంట్లతో పాంప్లెట్ కొడతారు. అందులో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల గదుల్లో అద్దెకుంటుంది. కాపీ చేసి వెబ్ పేజీలో వేస్తే తెలుగు ఖాళీ చేసి వెళ్లిపోయి పిచ్చి గుర్తులు మిగుల్తాయి. అందుకని పాంప్లెట్‌నే జేపీజీ చేసి అతికిస్తారు. ఈమధ్య దానికి మెరుపులద్ది వీడియో కూడా చేస్తా ఉన్నారు. ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చే 20 ఏండ్లు దాటింది. మనకు ఇంకా తీరిక దొరకలేదు.

"అలిపిరి దగ్గర ఏసీ రూములు, కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు" అని ఎంత ముద్దుగా రాసినా, బొమ్మలో ఉంటే గూగుల్ చేతికి గట్టిగా దొరికేది "ఫైనల్ న్యూ 3" అన్న ఫైలు పేరు. ఫోన్ను నోటి దగ్గర పెట్టుకుని "తిరుపతిలో రూములు" అని తెలుగులో అడిగే పెద్దాయనకు మీరు ఈ ఊళ్లోనే లేరు. చూపు లేనివాళ్లకు ఫోన్ తెలుగు చదివి వినిపిస్తుంది, మీ బొమ్మ దగ్గరికొచ్చి మూగబోతుంది. ఫోన్లో గూగుల్ లెన్స్ పెడితే బోర్డు మీది తెలుగు చదువుతోంది కదా అని ఒకాయన నాతో వాదించాడు. చదవడం వచ్చు సామీ. పోస్ట్‌మ్యాన్‌కు చదవడం వచ్చు కదా అని అడ్రసు కవరు లోపల రాసి అంటిస్తామా? ముఖ్యమైన రాతను బొమ్మల్లో పెట్టొద్దని గూగులే చెప్తుంటే, గూగుల్ తరఫున ఈయన వకాల్తా ఒకటి. ఇదే మాట నమ్మి మొన్న ఒక మిఠాయి అంగడాయన చక్కగా ఉన్న తెలుగు పేజీ తీసేసి బొమ్మ పెట్టించుకున్నాడు, అదీ డబ్బులిచ్చి.

నాలుగోది, పేజీ కోడ్‌లో జనానికి కనబడకుండా ఉండే కీవర్డ్స్ ట్యాగులో 500 మాటలు, తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు. ఆ ట్యాగును ర్యాంకుకు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. తెల్ల మీద తెల్ల రాత మోసం కింద లెక్క, పట్టుబడితే సైటే మాయం.

ఆరోది, అంతా ఒకే పేజీలో పెట్టమని. టీ కొట్టుకైతే చాలు.

ఏడోదాని కంటే ముందు, సైట్లు కట్టి బతికే నేను అనకూడని మాట ఒకటి ఉంది. మన లాడ్జీలకు సైట్ కంటే మ్యాప్‌లో పేరు, సరైన నంబరు, నిజమైన ఫోటోలు, రివ్యూలు, వీటివల్లే ఎక్కువ ఫోన్లు వస్తాయి. నా కస్టమర్లను అడిగినా అదే చెప్తారు. అడక్కండి.

ఇక ఏడో రహస్యం: ఈ మెసేజ్‌తో పాటు మీ సైట్ లింకు 20 గ్రూపులకు పంపితే గూగుల్‌లో బలం పెరుగుతుందంట. వాట్సాప్ గ్రూపుల్లో మనం మాట్లాడుకునేది గూగుల్ బాట్‌కు కనబడదు. అయినా పరీక్షిద్దామని మెసేజ్ అడుగున ఉన్న లాడ్జి పేరు, పక్కన తిరుపతి అని కొట్టి వెతికాను. మ్యాప్‌లో వచ్చింది. సైట్ రాలేదు.