"కౌంటాష్ ఇంజిన్ తీసి జీపులో పెట్టేశారు, అంతే" అనేవాళ్లకి

లంబోర్గిని కంపెనీ ఇసుకలో, రాళ్లలో తిరగడానికి చేసిన ఎల్ఎం002 అనే బండి గురించి ఏ వీడియో చూసినా, వాళ్లదే స్పోర్ట్స్ కారు కౌంటాష్ పేరు చెప్పి అదే డైలాగ్: "కౌంటాష్ ఇంజిన్ తీసి జీపులో పెట్టేశారు, అంతే!" ఆ "అంతే" దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బండికి ఇంజిన్ కుదరడానికి దాదాపు పదేళ్లు పట్టింది మహాశయా.

1977 జెనీవా షోకి చీతా అనే బండి తెచ్చారు. అమెరికా సైన్యానికి అమ్మాలన్నది ఆశ. అందులో లంబోర్గిని ఇంజినే లేదు! అమెరికా కంపెనీ క్రైస్లర్ చేసిన 5.9 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), మూడు గేర్ల ఆటోమేటిక్, అదీ బండి వెనక భాగంలో. సైన్యం తీసుకోలేదు. 1981లో ఎల్ఎం001 వచ్చింది. ఈసారి ఏఎంసీ అనే మరో అమెరికా కంపెనీ వీ8, మళ్లీ 5.9 లీటర్లే, మళ్లీ వెనకే. మియురా, కౌంటాష్ లాంటి స్పోర్ట్స్ కార్లు చేసిన చేతులు కదా, ఇంజిన్ డ్రైవర్ వీపు వెనకే ఉండాలన్న అలవాటు వదల్లేదనుకుంటా.

రోడ్డుకి ఆనుకుని పరిగెత్తే కారుకి అది బాగుంటుంది. ఇంత ఎత్తు బండికి బరువంతా వెనక పెడితే మాత్రం, యాక్సిలరేటర్ తొక్కగానే ముక్కు లేస్తుంది, ముందు టైర్ల పట్టు సడలుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. పవర్ పెంచేకొద్దీ ఆ రోగం ముదురుతుంది. అందుకే 1982లో వచ్చిన ఎల్ఎంఏ అనే ప్రోటోటైప్‌లో (నమూనా బండిలో) ఇంజిన్ ముందుకొచ్చింది, వీ8 పోయి సొంత వీ12 (పన్నెండు సిలిండర్లది) వచ్చింది. అందరూ వీ12 గురించే మాట్లాడతారు. నన్నడిగితే అసలు గొప్ప నిర్ణయం ఇంజిన్‌ని ముందుకు తేవడమే.

ఆ ప్రోటోటైప్‌లో ఉన్నది 4.75 లీటర్ల ఇంజిన్. 1986లో అమ్మకానికి వచ్చేసరికి అది 5167 సీసీ అయింది. సిలిండర్ వెడల్పు మారలేదు, అదే 85.5 మిల్లీమీటర్లు. పిస్టన్ ప్రయాణాన్ని 69 నుంచి 75 మిల్లీమీటర్లకు పెంచారు, సిలిండర్‌కి నాలుగేసి వాల్వులు పెట్టారు. ఇది కౌంటాష్ కోసం లంబోర్గిని ఇంజినీర్ల పెద్ద జూలియో అల్ఫియేరి హయాంలో చేసిన పని. గాలిలో పెట్రోల్ కలిపే ఆరు వెబర్ కార్బ్యురేటర్లు పక్కల నుంచి ఇంజిన్ నెత్తికెక్కాయి. దాంతో కౌంటాష్‌కి వెనక మూపురం వచ్చింది. అద్దంలో ముందే అంతంతమాత్రంగా కనిపించేది, అదీ పోయింది. ఎల్ఎం002 బానెట్ మీద ఉబ్బు కూడా స్టైల్ కోసం కాదు, కింద ఈ సరంజామా పట్టాలి.

ఇక "అదే ఇంజిన్" వాదన. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, రెండింటిలోనూ 500 న్యూటన్ మీటర్లే. కౌంటాష్‌లో అది 5200 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తే ఇక్కడ 4500 దగ్గరే వస్తుంది. పవర్ 455 నుంచి 450 హార్స్‌పవర్‌కి తగ్గింది, అదీ కాస్త ముందే, 6800 దగ్గర అందుతుంది. అంటే ట్యూనింగ్ మార్చారు. పేపర్ మీద చిన్న తేడాలే, కానీ 2700 కిలోల బండిని ఇసుకలో లాగేవాడికి ఆ 700 ఆర్పీఎం చిన్నది కాదు.

అయినా చాలదు. అభిమానులు తిట్టుకున్నా సరే, రాళ్ల మీద మెల్లగా పాకడానికి ఇది తప్పు ఇంజినే. 4500 దాకా అరిపిస్తే గానీ పూర్తి బలం ఇవ్వని వీ12 అక్కడెందుకు? వేగం తగ్గించి బలం పెంచే లో రేంజ్ గేర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, గట్టెక్కిస్తాయి కూడా. కానీ అది గేర్‌బాక్స్ గొప్పతనం. ఇప్పుడు హైదరాబాద్‌లో కనిపించగానే జనం రీల్స్ తీసే లంబోర్గిని ఎస్‌యూవీ ఉరుస్ సంగతి చూడండి. హైబ్రిడ్ రాకముందు వచ్చినవాటిలో నాలుగు లీటర్ల టర్బో వీ8, 850 న్యూటన్ మీటర్లు, అదీ 2250 నుంచే. ఎల్ఎంకి కావాల్సింది అలాంటి బలం. పాపం, ఉరుస్ జీవితమంతా మాల్ పార్కింగ్‌లోనే గడిచిపోతోంది.

కార్బ్యురేటర్ల సంగతైతే ఇంకా చిత్రం. ఆ సౌండ్, ఆ వాసన అంటూ కవిత్వం చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోల్ ఒక మట్టంలో నిలబడాలి. బండి ఏటవాలుగా ఒరిగితే ఆ మట్టం తప్పుతుంది, ఇంజిన్ తడబడుతుంది. కొండలెక్కాల్సిన బండికి అలాంటివి ఆరు! వాటన్నిటినీ ఒకే శ్రుతిలో ఉంచడం ఏ మెకానిక్‌కైనా తలనొప్పే. చివరి బండ్లకి కార్బ్యురేటర్ల బదులు, పెట్రోల్‌ని ఒత్తిడితో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కార్బ్యురేటర్ బండే "అసలైనది" అని వాదించేవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. షెడ్డులో పెట్టి చూసుకోవడానికైతే వాళ్ల మాటే కరెక్ట్. తోలడానికి నాకైతే ఇంజెక్షన్ బండే కావాలి.

ఇంకా ఆశ ఉన్నవాళ్ల కోసం పవర్‌బోట్లకు చేసిన ఏడు లీటర్లు దాటిన వీ12ని కూడా కొద్ది ఎల్ఎంలకు పెట్టారు. పడవ ఇంజిన్ అని నవ్వుతారు గానీ, నీళ్లని తోసుకుంటూ ఆగకుండా లాగాల్సిన ఇంజిన్‌కీ ఇసుకలో లాగాల్సిన ఇంజిన్‌కీ పని దాదాపు ఒకటే. 290 లీటర్ల ట్యాంకు ఎలాగూ ఉంది. పెట్రోల్ డబ్బుల కోసం ఏడ్చేవాడు ఈ బండి దగ్గరికే రాడు కదా, ఆ పెద్ద ఇంజిన్నే అన్ని బండ్లకీ పెట్టి ఉండాల్సింది.