కోర్టులో అతిశయోక్తి, టీవీలో నిజం

అమెరికా రాజకీయాల మీద టీవీల్లో, పాడ్‌కాస్టుల్లో వ్యాఖ్యానం చేసి బతికేవాళ్ల మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. ఈ రోజు పూర్తిగా రాసేస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

2010 మార్చిలో ఒబామా ఆరోగ్య బీమా బిల్లు ఓటింగుకు వచ్చినప్పుడు రిపబ్లికన్ నాయకుడు జాన్ బేనర్ దాన్ని ఆర్మగెడాన్ అన్నారు. ఇక ప్రళయమే, దేశం నాశనమైపోతుంది అన్నట్టు. 2017 డిసెంబరులో ట్రంప్ పన్ను తగ్గింపు బిల్లు వచ్చింది. ఈసారి డెమొక్రాట్ల నాయకురాలు నాన్సీ పెలోసీ వంతు. ఆవిడా అదే మాట అన్నారు, ఇది లోకాంతం, ఇది ఆర్మగెడాన్ అని.

రెండు బిల్లులూ చట్టాలయ్యాయి. బీమా చట్టం వల్ల దాదాపు 2 కోట్లమందికి కొత్తగా బీమా దొరికింది, కొందరికి ప్రీమియం భరించలేనంత పెరిగింది. పన్ను చట్టం కార్పొరేట్ పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించింది, దేశం అప్పు పెంచింది. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపును 10,000 డాలర్ల దగ్గర ఆపేసింది. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి అది నేరుగా తగిలిన దెబ్బ. మాట్లాడాల్సింది ఇదీ. ఎవరికి ఎంత లాభం, ఎవరికి ఎంత నష్టం. రాత్రి ఎనిమిది గంటల షోలో ఇది ఎవరికీ అక్కర్లేదు. ప్రళయం కావాలి.

నాయకులు ఎన్నికల కోసం అంటారు, సరే. నాకు అసలు కోపం తెప్పించేది వ్యాఖ్యాతల సంగతి. రెండు కేసులు చెప్తాను.

రిపబ్లికన్ల వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్‌లో టక్కర్ కార్ల్‌సన్ 2018లో ఒక మహిళ గురించి మాట్లాడుతూ, ఆమె ట్రంప్‌ను బెదిరించి డబ్బు గుంజిందన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఆమె పరువు నష్టం దావా వేసింది. ఫాక్స్ లాయర్లు కోర్టులో ఏం వాదించారో తెలుసా? ఆ షోలో చెప్పే మాటల్ని బుద్ధి ఉన్న ప్రేక్షకుడెవరూ అక్షరాలా నిజమని తీసుకోడు, అదంతా అతిశయోక్తి అని. 2020 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి ఆ వాదన ఒప్పుకుని కేసు కొట్టేశారు.

ఇటు డెమొక్రాట్ల వైపు మొగ్గే ఎమ్మెస్సెన్‌బీసీలో రేచల్ మాడో. వన్ అమెరికా న్యూస్ అనే చానల్లో పనిచేసే ఒక ఉద్యోగి రష్యా ప్రభుత్వ సంస్థ స్పుత్నిక్‌కి కూడా డబ్బు తీసుకుని రాస్తున్నాడని 2019లో వార్త వచ్చింది. అది నిజంగా చెప్పుకోవాల్సిన వార్తే. ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆ చానలే అక్షరాలా రష్యా డబ్బుతో నడిచే ప్రచారం అని గోరంతను కొండంత చేసింది. చానల్ వాళ్లు దావా వేస్తే కోర్టు కొట్టేసింది, 2021లో అప్పీలు కోర్టూ అదే అంది. వినేవాడికి అది అతిశయోక్తి అని అర్థమవుతుందట. ‘అక్షరాలా’ అని ఆవిడే అన్నాక కూడా!

చట్టం దృష్టిలో జడ్జిలు తప్పు చేశారని నేననను. అభిప్రాయానికి అక్కడి రాజ్యాంగం ఇచ్చే రక్షణ పెద్దది, అది ఉండాలి కూడా. కానీ ఈ రక్షణ వెనక దాక్కున్న వాళ్లు మర్నాడు రాత్రి మళ్లీ అదే గొంతుతో, అదే కుర్చీలో కూర్చుని చెప్తారు. ‘నేను చెప్పేది అక్షరాలా నమ్మకండి’ అని తెర కింద ఒక్క లైను కూడా వేయరు.

పోనీ ప్రేక్షకులు నమ్మరని వాళ్లకి నిజంగానే నమ్మకం ఉందా? లేదు. ఆ న్యూయార్క్ తీర్పు వచ్చి నెలన్నర తిరక్కుండానే అధ్యక్ష ఎన్నికలయ్యాయి. ఓటింగ్ యంత్రాల్లో మోసం జరిగిందని ట్రంప్ తరఫు లాయర్ సిడ్నీ పావెల్ చానళ్లలో ఊదరగొట్టింది. అప్పుడు కార్ల్‌సన్ తన సహ యాంకర్ లారా ఇంగ్రహామ్‌కి పంపిన మెసేజీలు తర్వాత ఆ యంత్రాలు తయారుచేసిన డొమినియన్ కంపెనీ ఫాక్స్ మీద వేసిన దావాలో బయటపడ్డాయి. పావెల్ అబద్ధాలు చెప్తోందని రాశాడు. ఇంకో మాట కూడా రాశాడు, మన ప్రేక్షకులు మంచివాళ్లు, వాళ్లు దీన్ని నమ్ముతున్నారు అని.

ఆ వాక్యం చదివినప్పుడు నాకు కడుపు మండిపోయింది. కోర్టులో ఎవరూ నమ్మరని వాదన, ఫోన్లో నమ్ముతున్నారని ఒప్పుకోలు! న్యాయంగా చెప్పాలంటే అతను ఒక రాత్రి తెర మీదే పావెల్‌ను సాక్ష్యం ఏదని నిలదీశాడు, దానికి ప్రేక్షకులు అతని మీద మండిపడ్డారు కూడా. కానీ వాళ్ల చానల్ రిపోర్టరే ట్రంప్ ట్వీటు ఒకటి తప్పని రాస్తే, ఆమెను ఉద్యోగంలోంచి తీసేయించండి, కంపెనీ షేరు ధర పడిపోతోంది అని మెసేజ్ పెట్టిందీ అతనే. చివరికి 2023 ఏప్రిల్లో ఫాక్స్ డొమినియన్‌కి 78.75 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. నమ్మిన ప్రేక్షకుడికి ఎవరూ ఏమీ కట్టలేదు.

ఇది నిన్న మొన్న మొదలైన జబ్బు కాదు. రేడియో, టీవీ స్టేషన్లు వివాదాస్పద విషయాల్లో రెండు పక్షాలూ వినిపించాలన్న నిబంధన 1949 నుంచి ఉండేది. 1987లో తీసేశారు. మరుసటేడే రిపబ్లికన్ల వైపు మాట్లాడే రష్ లింబా రేడియో షో దేశమంతా మొదలైంది. ఆ నిబంధన మళ్లీ తెస్తే చాలనేవాళ్లు ఒకటి మర్చిపోతున్నారు, అది ప్రసార స్టేషన్ల కోసం పెట్టింది, ఫాక్స్ లాంటి కేబుల్ న్యూస్ చానళ్ల కోసం కాదు. 1990లో రిపబ్లికన్ నాయకుడు న్యూట్ గింగ్రిచ్ సంస్థ గోపాక్ రిపబ్లికన్ అభ్యర్థులకు ఏకంగా ఒక మాటల జాబితా పంచింది. ప్రత్యర్థుల గురించి వాడాల్సిన మాటలు అందులో ఉన్నాయి. ద్రోహులు, అవినీతిపరులు, రోగిష్టివాళ్లు. తిట్లకి కూడా సిలబస్ తయారు చేశారు.

డెమొక్రాట్లు పవిత్రులని చెప్పడం లేదు. 2012లో సెనేట్ నాయకుడు హ్యారీ రీడ్, ఆ ఏడాది రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీ పదేళ్లు పన్నే కట్టలేదని ఆధారం లేకుండా సభలో ప్రకటించారు. అది అబద్ధమని తేలింది. 2015లో దాని గురించి అడిగితే, రామ్నీ గెలవలేదు కదా అన్నారు. అదే ఏడాది, 2012లో, రామ్నీ పార్టీ మిమ్మల్ని మళ్లీ సంకెళ్లలో పెడుతుందని నల్లజాతి ప్రజలు చాలామంది ఉన్న సభలో అప్పటి ఉపాధ్యక్షుడు బైడెన్ అన్నారు. రామ్నీ లాంటి నెమ్మదైన మనిషి మీద ఇంత పెద్ద మాటలు ఖర్చు పెట్టేశారు. తర్వాత ఓడిపోయిన అధ్యక్షుడు ట్రంప్ ఓటమి ఒప్పుకోకుండా, 2021 జనవరి 6న జనం క్యాపిటల్ (అక్కడి పార్లమెంటు భవనం) మీద పడినప్పుడు, ‘ప్రజాస్వామ్యానికి ప్రమాదం’ అన్న మాట నిజంగా అవసరమైంది. సగం దేశం విన్లేదు. మీరు ఎప్పుడూ ఇలాగే అంటారుగా అంది. జనవరి 6నీ రీడ్ అబద్ధాన్నీ ఒకే తక్కెడలో వేసి రెండూ సమానమే అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ రోజు జరిగింది వేరే స్థాయి. ఆ స్థాయిని చెప్పడానికి మాటలు మిగలకుండా చేసింది మాత్రం అంతకు ముందు చేసిన దుబారాయే.

ఈ గొడవ మనకెందుకు అంటారా? 2024 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీ వలసదారులు ఇరుగుపొరుగు వాళ్ల పెంపుడు జంతువుల్ని తినేస్తున్నారన్న పుకారును ట్రంప్ డిబేట్‌లోనే చెప్పారు. ఆధారం లేదు. ఆ వారంలో ఊళ్లో బడులకు, ఆఫీసులకు బాంబు బెదిరింపులు మొదలయ్యాయి. అన్నీ ఉత్తుత్తివే అని చెప్పింది రిపబ్లికన్ గవర్నర్ మైక్ డివైనే. పుకారు గురించి ట్రంప్‌తో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జేడీ వాన్స్‌ని అడిగితే, మీడియా దృష్టి రావడానికి కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తాను అన్నారు. తర్వాత తన ఉద్దేశం అది కాదని సర్దుకున్నారు. పశ్చిమ గోదావరి వడ్లూరు మూలాలున్న ఉషా చిలుకూరి భర్త, మన అల్లుడు అని మనం మురిసిపోయింది ఆయన్ని చూసే.

ఆ రోజు హైతీ వాళ్లు. రేపు మనం కాదని ఎవరన్నారు? 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేతాలో ఒక బార్‌లో మన హైదరాబాద్ ఇంజనీరును ‘నా దేశం వదిలి పో’ అంటూ కాల్చి చంపారు. ఆ హత్యను ఏ ఒక్క యాంకర్ మీదా నెట్టను. కానీ వలస వచ్చినవాళ్లంతా దండయాత్ర చేస్తున్నారని ప్రతి రాత్రీ చెప్పే దేశంలో, ఆ మాట విన్న ప్రతివాడూ టీవీ కట్టేసి నిద్రపోతాడని నమ్మడానికి నా మనసు ఒప్పుకోదు.

ఇక మన సొంత వీడియోలకు వద్దాం. 2025 సెప్టెంబరు 19న హెచ్1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. ఏటా కట్టాలని వాణిజ్య మంత్రే అన్నారు. కంపెనీలు ఉద్యోగుల్ని వెంటనే తిరిగి రమ్మన్నాయి, ఇండియాకు బయల్దేరిన విమానాల్లోంచి జనం దిగిపోయారు. మర్నాడు వైట్‌హౌస్ చెప్పింది, ఇది ఒకేసారి కట్టేది, కొత్త దరఖాస్తులకు మాత్రమే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని. ఆ మధ్యలో గడిచిన రాత్రి మన తెలుగు యూట్యూబ్ చానళ్లు ఏం చేశాయో మీరూ చూశారు. ‘అమెరికా కల ముగిసింది’, ‘తెలుగోళ్లంతా వెనక్కి’ అని ఎర్రక్షరాలు. వివరణ వచ్చాక కూడా ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు బీపీ మాత్ర వేసుకున్నా నిద్ర పట్టలేదు. ఇండియా నుంచి కొత్తగా హెచ్1బీ మీద వెళ్లాలనుకున్నవాళ్లకు ఆ ఫీజు నిజంగానే పెద్ద దెబ్బ. వాళ్ల గురించి, వాళ్లకున్న దారుల గురించి నిదానంగా చెప్పిన వీడియోలు ఎన్ని?

మన దగ్గర ఇప్పుడు రెండో దరిద్రం కూడా మొదలైంది. అక్కడి రెండు పార్టీల తిట్లనూ తెచ్చి మన కుల, పార్టీ గొడవల మీద పరుస్తున్నారు. ఒకప్పుడు కలిసి బతుకమ్మ ఆడినవాళ్లు, కలిసి పాట్‌లక్‌లకు వెళ్లినవాళ్లు ఇప్పుడు ఒకరినొకరు ఫాసిస్టు, కమ్యూనిస్టు అనుకుంటున్నారు. ఆ ఆంటీ ఫాసిస్టు కాదు. ఆవిడకు పన్నులు తగ్గితే బావుండునని ఉంది. ఆ అబ్బాయి కమ్యూనిస్టు కాదు. వాడికి కాలేజీ అప్పు ఉంది.

మా గ్రూపులో ఇకనుంచి ఇలాంటి వీడియో ఎవరు పెట్టినా మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ ఉత్తర్వు, ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి. చెప్పలేకపోతే తీసేయమంటాను. పెట్టింది బాబాయైనా, నాకు ఉద్యోగం ఇప్పించిన అన్నయ్యైనా సరే.