ఉంగరానికి రూట్ కెనాల్

మా కర్నూలు జిల్లాలో తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలాల్లో జనం తలలు వంచుకుని తిరుగుతుంటారు. సాన పట్టని వజ్రాన్ని బురదలోనే పసిగట్టే మనుషులు వాళ్ళు. అదే జిల్లాలో పుట్టి పెరిగిన మా అత్తలు ముగ్గురూ, సాన పట్టి బంగారంలో బిగించి తరాలుగా ఇంట్లోనే ఉన్న వజ్రాన్ని గుర్తుపట్టలేకపోయారు. పాపం, వాళ్ళు చూసింది ఫోటోలో.

మా జేజి ఉన్నట్టుండి నగలు పంచేస్తానంది. "ఇప్పుడేం తొందరమ్మా?" అన్నాడు చిన్నాయన.

"నేను పోయినాక మీరు కొట్టుకుంటే చూసేదానికి నేనుండను కదరా" అంది జేజి.

అత్తలు ఆదోనిలో ఒకరు, నంద్యాలలో ఒకరు, బెంగుళూరులో ఒకరు. కాబట్టి నగల ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే పని చిన్నాయన మీద పడింది. గాజులు, కాసులపేరు, వంకీ చిటికెలో అయిపోయాయి. బంగారానికేం, ఎట్లా తీసినా బంగారంలాగే పడుతుంది. చిక్కంతా జేజి అత్తగారి నాటి ఒంటిరాయి ఉంగరంతో వచ్చింది.

అది పాతకాలపు కోత. వ్యాపారులు ఓల్డ్ మైన్ కట్ అంటారు. అటు గుండ్రమూ కాదు, ఇటు చదరమూ కాదు. రాయి పైభాగం ఎత్తుగా, నెత్తిన పలక చిన్నగా ఉంటుంది. అడుగున మొన విరగకుండా దాన్ని కూడా చిన్న పలకగా కోసేవాళ్ళు. పైనుంచి చూస్తే అది రాయి నడుమ గుండ్రటి చుక్కగా కనబడుతుంది. మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన 1919లో లెక్కలు కట్టి పుస్తకం రాశాక గుండ్రటి వజ్రాల కొలతలు ఒక పద్ధతికి వచ్చాయి గానీ, అంతకుముందు కోసేవాడి కన్నూ చెయ్యే కొలత. ఏ రెండు రాళ్ళూ ఒక్కలాగ ఉండవు.

మామూలుగా చూసేటప్పుడు ఆ చుక్కను ఎవరూ పట్టించుకోరు. మనకు రెండు కళ్ళు, పైగా చెయ్యి ఒకచోట ఉండదు. ఒక పలక ఆరేలోపు ఇంకోటి వెలుగుతుంది. కెమెరాకు ఉన్నది ఒకటే కన్ను, అదీ రెప్పపాటు సేపు. దానికితోడు రాయి తన ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. దగ్గరగా తీస్తే బాగా వస్తుందని చిన్నాయన ఫోనును ఉంగరం మీదికి తెచ్చిపెట్టాడు. ఎదురుగా నల్ల ఫోను, దాని వెనక మొన్ననే రంగు వేయించుకున్న చిన్నాయన తల. రెండూ రాయిలో దిగాయి.

జిడ్డు సంగతి వేరే. వజ్రానికి జిడ్డంటే పిచ్చి. దక్షిణాఫ్రికా గనుల్లో కంకరను నీళ్ళతో గ్రీజు బల్లల మీద పారించేవాళ్ళు. మామూలు రాళ్ళు కొట్టుకుపోయేవి, వజ్రాలు గ్రీజుకు అతుక్కునేవి. మరి మా జేజి ఆ ఉంగరం తీయకుండానే ఇంటిల్లిపాదికీ ఆముదం అంటింది, పిండి పిసికింది, సున్నుండలు కట్టింది. రాయి వెనక మూడు తరాల ఆముదం పేరుకుపోయి ఉంది.

ఇంత జరిగాక గ్రూపులో పడిన ఫోటో ఎట్లా ఉందంటే, పసుపు పచ్చగా, నడుమ నల్లటి కన్నంతో, అచ్చం పుచ్చిన పన్నులాగ ఉంది. ఈ మాట నాది కాదు. బెంగుళూరు అత్త కొడుకు పళ్ళ డాక్టరు. "మామా, ఇది పై పన్నా, కింది పన్నా?" అని అడిగాడు. ఇంకెవరో రూట్ కెనాల్ చేయించమన్నారు. ఆదోని అత్త మాత్రం సీరియస్‌గా "పగిలిన రాయి ఇంట్లో ఉండకూడదంట" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.

గాజులు ఆదోనికి, కాసులపేరు నంద్యాలకు, వంకీ బెంగుళూరుకు పోయాయి. ఉంగరం ఎవరూ అడగలేదు. "సరే, నాకు పడేయండి" అంది చిన్నమ్మ. రాత్రంతా కుంకుడు రసంలో నానబెట్టి, పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో వెనకవైపు తోమింది. పుచ్చు కాస్తా పోయింది.

తర్వాత నంద్యాల అత్త కూతురి నిశ్చితార్థం కర్నూల్లో మా ఇంట్లోనే జరిగింది. ఓళిగలు వడ్డించే వేళకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపు మూలిగి ఊరుకుంది. కుందుల్లో దీపాలు పెట్టారు. చిన్నమ్మ గరిటెతో నెయ్యి వేసుకుంటూ వస్తోంది. చెయ్యి వంచినప్పుడల్లా వేలి మీద ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా, ఇంకోసారి ఆకుపచ్చగా భగ్గుమంటోంది. ట్యూబ్‌లైటు వెలుగు గదంతా సమంగా పరుచుకుంటుంది, అందులో ఏ వజ్రమూ రంగులు పెద్దగా చూపదు. చీకట్లో ఒక్క చిన్న మంట ఉంటే ఆ వెడల్పాటి పలకలు దాన్ని రంగులుగా చీల్చి పెద్ద పెద్ద తునకలుగా విసురుతాయి. ఆ రాయిని కోసిన కాలంలో రాత్రి వెలుగంటే దీపమో కొవ్వొత్తో కదా. మగపెళ్ళివారి ఆడవాళ్ళు పెళ్ళికూతుర్ని వదిలేసి చిన్నమ్మ చేతినే చూస్తున్నారు.

ఆదోని అత్త ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది. నెయ్యి ఆకులో కాకుండా వియ్యంకుడి పంచె మీద పడింది.

"ఇదేం ఉంగరమే?"

"మీరంతా వద్దన్నదే వదినా."

అత్తలు ముగ్గురూ చిన్నాయనను చుట్టుముట్టారు. "పెళ్ళానికి రావాలని కావాలనే పాడుగా తీసినావు కదరా!" ఆయన దేవుడి మీద ఒట్లు పెట్టాడు. ఎవరూ నమ్మక, అక్కడికక్కడే ఇంకో ఫోటో తీశాడు. ఫ్లాష్ పడింది. తెల్లటి మరక, నడుమ అదే నల్ల కన్నం. "చూడండి, పట్టపగలు దొంగతనం!" అంది బెంగుళూరు అత్త, చీకట్లో.

"కొంచెం పక్కకు జరుగు నాయనా, నాకు కనపడ్డం లేదు" అని అడ్డంగా నిలబడిన నన్ను నెట్టింది జేజి, కుర్చీలో ముందుకు వంగి.

చివరికి నంద్యాల అత్త మెత్తబడి, గొంతు తగ్గించి చిన్నమ్మనే అడిగింది. "పోనీలేమ్మా, పెళ్ళినాటికి ఒక్క పూట మా పిల్లకు ఇస్తావా?"

"దానికేం వదినా, గ్రూపులో ఫోటో ఉంది కదా, తీసుకోండి" అంది చిన్నమ్మ, ఇంకో గరిటె నెయ్యి వేస్తూ.