మూగ సినిమా గారికి, మిఠాయి కొట్టు విషయమై

మహారాజశ్రీ ‘ట్రాఫిక్ ఇన్ సోల్స్’ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని గంటన్నర తమరి సేవలో గడిపాను. 1913లోనే, ఆడపిల్లల్ని అమ్మేసే ముఠాల గురించి న్యూయార్క్ జనాన్ని హెచ్చరించిన పెద్దలని విని, భయభక్తులతోనే కూర్చున్నాను. మాటల్లేవని మా అత్తగారు పది నిమిషాలకే లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

అప్పట్లో ఈ దందాకి మీవాళ్లు పెట్టిన పేరు ‘తెల్ల బానిసత్వం’. మిగతా రంగుల పిల్లలు ఏమైపోయినా ఫర్వాలేదన్నమాట. హెచ్చరిక టికెట్టు 25 సెంట్లు. జనం హెచ్చరిక కోసమే ఎగబడ్డారని నమ్మమంటారు, నమ్మాను. ఇక మీ కథలో, ఊళ్లో నీతిని ఉద్ధరించే సంఘం అధ్యక్షుడే ముఠా నాయకుడు. కింది అంతస్తులో దళారి రాసిన లెక్క, కరెంటు పెన్నుతో పై అంతస్తులో ఆయన బల్ల మీద పడుతుంది. ఇది మాత్రం భేష్, ఒప్పుకుంటాను.

కానీ ఆ మిఠాయి కొట్టు సంగతేంటండీ?

మీ కథలోని అక్కాచెల్లెళ్లిద్దరూ అక్కడే పనిచేస్తారు. సూటు వేసుకున్న దళారి చెల్లెలి మీద కన్నేసిందీ ఆ కౌంటరు దగ్గరే. చెల్లెలు మాయమైంది, పేరు ఊరంతా పాకింది. కొట్టువాడు ఏం చేశాడు? అక్క మేరీని ఉద్యోగంలోంచి పీకేశాడు! కొట్టు పరువు పోతుందట. నీ కౌంటరు ముందు నిలబడి పిల్లను మాటల్లో పెట్టినవాడు పోగొట్టని పరువు, చెల్లెలి కోసం ఏడుస్తున్న పిల్ల పోగొడుతుందా? చివర్లో దళారులు దొరికారు, పెద్దమనిషీ దొరికాడు. వీణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మీరూ అనలేదు. సిగ్గుండాలి.

కోపంలో నోరు జారాను, క్షమించాలి. ఎందుకంటే అదే మేరీ ఆ పెద్దమనిషి ఆఫీసులో చేరి, కింది అంతస్తు మాటలు వినిపించే వినికిడి గొట్టం చెవికి పెట్టుకుని దళారి గొంతు పట్టేసినప్పుడు, శబ్దమే లేని సినిమాలో నేనూ చెవి రిక్కించాను.

ఇట్లు,
కొట్టు గుమ్మం దాటలేకపోయిన ప్రేక్షకుడు

తా.క.: సాయంత్రం టీ తాగుతూ అత్తగారికి కథంతా చెప్పాను. ‘‘పిల్ల ఇల్లు చేరిందా?’’ అన్నారు. చేరిందన్నాను. ‘‘మరి పెద్దదానికి ఆ కొట్టువాడు జీతం బకాయి ఇచ్చాడా?’’