ఫ్యూజు పెంచకండి, షార్ట్ ఎక్కడుందో వెతికించండి

కారులో ఫ్యూజు పోయిందంటే చాలు, కొంచెం పెద్దది పెట్టి పంపించేసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎరుపుది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కంపెనీ వాడు అక్కడ ఎరుపు పెట్టాడంటే ఆ దారిలో వెళ్లే వైరు మందం చూసే పెట్టాడు. ఫ్యూజు ఉన్నది ముఖ్యంగా ఆ వైరును కాపాడటానికి. డాష్‌బోర్డు స్విచ్‌ల వెనక వెలిగే చిన్న లైట్లకు వెళ్లే వైరు చాలా సన్నగా ఉంటుంది. అక్కడ ఆకుపచ్చ ఫ్యూజు దూర్చితే ఈసారి కాలేది వైరే. అదీ డాష్‌బోర్డు లోపల, చుట్టూ ప్లాస్టిక్ మధ్యలో, మన మోకాళ్ల ముందు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద తిరిగే బండ్లండీ ఇవి!

ఇక రెండో రకం వాళ్లు. వీళ్లు ఫ్యూజు పెంచరు, ఏకంగా వైరింగ్ మొత్తం మార్చేయమంటారు. వేళచ్చేరిలో ఉండే మా బావగారికి అదే జరిగింది. పార్కింగ్ లైట్లు వేయగానే ఫ్యూజు పోయేది. టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు లైటు, స్విచ్‌ల వెలుతురు అన్నీ ఒకేసారి ఆరిపోయేవి. ఎందుకంటే చాలా కార్లలో ఇవన్నీ ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. అందుకే స్విచ్ లైట్లు ఆరిపోయాయని లోపం డాష్‌బోర్డులోనే ఉందనుకోకూడదు. డిక్కీ తలుపు మడత దగ్గర నలిగిన వైరు కావచ్చు, ఎలుక కొరికినది కావచ్చు, నీళ్లు దిగి చిలుము పట్టిన బల్బు హోల్డరు కావచ్చు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీళ్లలో నిలబడిన బండ్లు మా వైపు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ అనుమానం కూడా పెట్టుకోవాల్సిందే.

సర్వీస్ సెంటర్‌లో ఏం చేశారంటే, ఫ్యూజు తీసి ఆ సాకెట్‌కీ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టారు. రెసిస్టెన్స్ బాగా తక్కువుంటే కుయ్‌మనే మీటరది. కుయ్‌మంది. "హార్నెస్ పోయింది సార్" అని, అంటే వైర్ల కట్ట మొత్తం మార్చాలని, ఐదంకెల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. బల్బులు ఒక్కటీ తీయకుండా! చల్లగా ఉన్న బల్బు ఫిలమెంటుకు రెసిస్టెన్స్ చాలా తక్కువ, కొన్ని ఓమ్‌లే. 5 వాట్ల బల్బులు నాలుగైదు ఒకే లైనులో పక్కపక్కన ఉంటే అది ఇంకా తగ్గిపోతుంది. ఏ లోపమూ లేని బండికి పెట్టినా ఆ మీటరు కుయ్‌మంటుంది. ఇంత చిన్న విషయం తెలియకుండా మనిషి చేత అంత డబ్బు పెట్టించబోయారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

చివరికి పుదుపేటలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఎలక్ట్రీషియన్. బానెట్ ఎత్తకముందే ఆయన అడిగింది ఒకటే. "కొత్తగా ఏమన్నా బిగించారా సార్?" కొత్త స్టీరియో పెట్టించామని బావ చెప్పారు. అయినా ఆయన నేరుగా దాని మీద పడలేదు. ముందు వెనక బల్బులన్నీ తీశారు. పోయిన ఫ్యూజు స్థానంలో రెండు వైర్లతో ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి పార్కింగ్ లైట్ స్విచ్ వేశారు. బల్బు ఫుల్లుగా వెలిగింది. అంటే కరెంటు ఎక్కడో నేరుగా బాడీకి దిగిపోతోందన్నమాట. ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, పూర్తి షార్ట్ ఉన్నా ఆ బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు. వైరుకు ఏమీ కాదు, వెతికినంతసేపూ ఫ్యూజులు తగలేయక్కర్లేదు.

ఆ తర్వాత ఒక్కో కనెక్టరు పీకుతూ బల్బు వైపు చూశారు. హజార్డ్ స్విచ్, ఫాగ్ ల్యాంప్ స్విచ్, ఏసీ ప్యానెల్... బల్బులో మార్పు లేదు. స్టీరియో కనెక్టరు పీకగానే బల్బు చీకటైంది. స్టీరియో బయటికి లాగి చూస్తే, లైట్లు వేసినప్పుడు తెర వెలుతురు తగ్గించడానికి ఇచ్చే నారింజ రంగు వైరు బ్రాకెట్ కింద నలిగి, తోలు ఊడి, రాగి ఇనుముకు తగులుతోంది. బిగించినవాడు ఆ వైరును నలగకుండా సరిగ్గా సర్దలేదు. రాగికి ఇన్సులేషన్ వేసి, స్లీవ్ తొడిగి, ఎరుపు ఫ్యూజు తిరిగి పెట్టారు. అన్నీ వెలిగాయి.

ఆయన తీసుకున్న డబ్బు విని మా బంధువొకాయన "ఒక వైరు చుట్టడానికి అంతా?" అన్నాడు. చుట్టడానికి కాదు, ఏ వైరో కనిపెట్టడానికి! ఆ డబ్బు ఇవ్వడానికి మనం గొణుగుతాం, సామాను మార్చామని బిల్లు వేస్తే మాత్రం నోరెత్తకుండా కడతాం. వెతికే టైముకు విలువ కట్టనంతకాలం వర్క్‌షాపులు కూడా వెతకడం మానేసి సామాను మారుస్తూనే ఉంటాయి. వాళ్లనొక్కళ్లనే అనలేను.

మీ బండికి ఇలా జరిగితే "మార్చాలి" అనే మాటకు తల ఊపకండి. ఏ వైరు, ఎక్కడ, దేనికి తగులుతోందో కళ్లతో చూపించమనండి. దాన్నే జాబ్ కార్డులో రాయమనండి. వెతికినందుకు చార్జీ ఎంతో ముందే మాట్లాడుకుని, హార్నెస్ మార్చకపోయినా అది ఇచ్చేయండి.

ఇంట్లో మీరే చూద్దామనుకుంటే ఒక్క జాగ్రత్త. డాష్‌బోర్డులో పసుపు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు మామూలుగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి మీద బల్బు గానీ మీటరు గానీ పెట్టొద్దు. కంప్యూటర్‌కు వెళ్లే సెన్సార్ వైర్ల మీద కూడా బల్బు టెస్ట్ పనికిరాదు. అక్కడ వైరింగ్ డయాగ్రమ్ చేతిలో ఉన్నవాళ్లకే బండి ఇవ్వండి.