తాకట్టుకు రాని నగ

మొన్న మాఘంలో బరంపురం బడాబజార్‌లో మా బావమరిది కూతురి పెళ్లయింది. వంటలు బాగున్నాయి. వియ్యపురాలి అలక గంటలో తీరింది. కరెంటు కూడా పోలేదు. అయినా ఆ పెళ్లిలో మన సమాజానికి జరిగిన నష్టాన్ని ఒక్కరూ పట్టించుకోలేదు కాబట్టి, ఆ బాధ్యత రిటైరైన బడిపంతులుగా నేను నెత్తికెత్తుకుంటున్నాను. మా అప్ప కూతురు, బరోడాలో సిరామిక్స్ చదివొచ్చిన పిల్ల, మెడలో పింగాణీ హారం వేసుకుని పెళ్లికొచ్చింది.

అచ్చుతప్పు కాదు. పింగాణీయే. టీ కప్పులు చేస్తారే, అది.

భోజనాల దగ్గర మా పెద్దత్త దాని మెడ వైపు చూసి, "ఎన్ని తులాలే?" అంది. మా వైపు ఇది కుశలప్రశ్న. 'బాగున్నావా' తర్వాత రావాలి, ఒక్కోసారి తొందరపడి ముందే వచ్చేస్తుంది. జవాబు చెప్పడానికీ ఒక పద్ధతుంది. బంధువులకైతే ఒక తులం కలిపి చెప్పాలి, అప్పు అడిగేవాళ్లకైతే రెండు తగ్గించి చెప్పాలి. ఈ పిల్లకి ఆ పద్ధతి తెలియదు. "నలభై ఆరు గ్రాములు మామ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాలుగున్నర తులాలని లెక్క కట్టుకుని పెద్దత్త మొహం చేటంత చేసుకుంది.

"ఎన్ని కేరెట్లు?"

"పన్నెండు వందల అరవై డిగ్రీలు."

కేరెట్లు 24 దాటవని పెద్దత్తకి తెలుసు. ఆవిడ బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే గానీ ఈ విషయంలో పీహెచ్‌డీ. నా వైపు చూసింది. "మట్టి అత్తా, కాల్చిన మట్టి" అన్నాను నెమ్మదిగా. పక్కనున్న ఒడియా ఆవిడకి అర్థం కాలేదేమోనని "మాటి" అని ఒడియాలో కూడా చెప్పాను. పంక్తిలో అవతలి చివర ఎవరో అప్పడం విరిస్తే ఇక్కడికి వినిపించింది.

పై ఊళ్ల పాఠకులకి మా సంగతి కొంత చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా మా బరంపురమున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తర్వాత రాజధాని మారింది, కచేరీ భాష మారింది, బడి పుస్తకాలు మారాయి. మేం ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ నెట్టుకొచ్చాం. ఇన్ని మారినా మారనిది తులం ఒక్కటే. నిజం చెప్పాలంటే అదీ మారింది: తాతలనాటి తులం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్లో చెప్పే తులం 10 గ్రాములు. భాష పోతుందని సభలు పెట్టినవాళ్లున్నారు గానీ ఆ గ్రామున్నర ఏమైందని ఎవరూ సభ పెట్టలేదు.

మాది పట్టుచీరల ఊరు. బరంపురం పట్టంటే జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ప్రభుత్వమిచ్చే గుర్తింపున్న సరుకు, గుడి గోపురాల వరసలా అంచు మీద కుంభం దిద్ది నేస్తారు. ఆ నేత ఎంత గొప్పదైనా మా వాళ్ల చూపు చీర మీద ఎక్కువసేపు నిలవదు. కుచ్చిళ్ల దగ్గర బయల్దేరి, కుంభాలన్నీ దాటుకుంటూ, మెడ దగ్గరికి వచ్చి అక్కడ తక్కెడలా నిలబడుతుంది. మాకు నగంటే మెడలో వేసుకుని తిరిగే పాసుబుక్కు. అలాంటిచోట బ్యాలెన్సు సున్నా ఉన్న పాసుబుక్కుని, అదీ నవ్వుతూ వేసుకురావడం ఎంత తెగింపో మీరే ఆలోచించండి.

శత్రువు గురించి తెలుసుకోకుండా విమర్శించడం నాకు అలవాటు లేదు. ఆ పిల్లనే కూర్చోబెట్టి అడిగాను. పింగాణీకి కావలసినవి మూడట: కేయొలిన్ అనే చీనామట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే రెండు రకాల రాళ్ల పొడి. చీనామట్టి కోసం చైనా పోనక్కర్లేదు, మన ఒడిశాలోనే మయూర్‌భంజ్‌లో దొరుకుతుంది. తయారుచేసిన పూసల్ని ముందు వెయ్యి డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా కాలుస్తారు. అప్పటికి సుద్దముక్కలా ఉంటుంది, నాలుక తగిలిస్తే అంటుకుంటుంది. గ్లేజు అనే గాజులాంటి పూత పూసి రెండోసారి పన్నెండు వందల పైన కాలిస్తే ఫెల్డ్‌స్పార్ కరిగి, గాజై, సందుల్లోకి పాకుతుంది. అందుకే పల్చటి బిళ్లని దీపానికి అడ్డం పెడితే వెలుతురు ఇవతలికి కనిపిస్తుంది. బంగారు గీత కావాలంటే మూడోసారి కొలిమిలో పెట్టాలి, ఈసారి ఏడెనిమిది వందల దగ్గర.

ఇంత చాకిరీలో అది నూటికి పన్నెండు, పదిహేను వంతుల దాకా కుంచించుకుపోతుందట. వేలి కొలతకి ఉంగరం చేస్తే చిటికెన వేలికి కూడా పట్టదు. కాబట్టి ముందే లెక్కేసి పెద్దది చెయ్యాలి. ఇక్కడ నాకు చప్పున తరుగు గుర్తొచ్చింది.

"అంటే తరుగు పదిహేను శాతమన్నమాట. మన నగల షాపులకంటే ఎక్కువే తీస్తున్నావు. ఎక్కడికి పోతోంది ఆ సరుకు?"

"సరుకు ఎక్కడికీ పోదు మావయ్యా. లోపలున్న తడీ, గాలీ పోయి దగ్గరపడుతుందంతే."

తరుగు ఎక్కడికి పోతుందో ఇంత వివరంగా చెప్పిన మనిషిని నా అరవై మూడేళ్లలో చూడలేదు. షాపులో అడిగితే టీ తెప్పిస్తారు.

మా చిన్నాన్నది ఇంకో సందేహం. బోన్ చైనాలో ఎముకల బూడిద కలుపుతారని ఎక్కడో విన్నాడు. నిజమే, సగం దాకా అదే ఉంటుంది. ఇది బోన్ చైనా కాదని పిల్ల ఎంత చెప్పినా ఆయన వినలేదు, ఆ హారమున్న దిక్కుకి వీపు పెట్టి పెరుగన్నం ముగించాడు. జేబులో మాత్రం పర్లాకిమిడిలో కొన్న కొమ్ము దువ్వెన ఉంది.

చరిత్ర తిరగేస్తే నా వాదనకి బలం దొరుకుతుందనుకున్నాను, దొరికింది కూడా. జర్మనీలో బోట్గర్ అనే కుర్రాడు నీచలోహాన్ని బంగారం చేస్తానని చెప్పుకు తిరిగేవాడు. శాక్సనీ రాజు అగస్టస్ అతణ్ణి పట్టించి నిర్బంధంలో పెట్టి, ఏదీ చెయ్యి అన్నాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడి తోడుతో 1708 ప్రాంతంలో పింగాణీ వచ్చింది. 1710లో మైసెన్‌లో కార్ఖానా పెట్టారు, సరుకుకి తెల్లబంగారమని పేరొచ్చింది. బంగారం చెయ్యడం చేతకానప్పుడు చేతికొచ్చిన దానికి ఆ పేరు తగిలించడం మన చిట్‌ఫండ్ ఏజెంట్లు కనిపెట్టిన విద్య కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

అదే రాజు 1717లో ప్రష్యా రాజుకి 600 మంది సైనికుల్నిచ్చి 151 పింగాణీ పాత్రలు తీసుకున్నాడు. కాయితం మీద లెక్కేశాను. పాత్రకి దగ్గరదగ్గర నలుగురు సైనికులు పడ్డారు. మా ఆవిడకి చెబితే, "ఆ లెక్కన పిల్ల హారానికి ఎవరొస్తారు, హోంగార్డా?" అంది.

ఇప్పటి కళాకారుల పద్ధతులు ఇంకా ఆందోళనకరంగా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో గెసీనె హాకెన్‌బర్గ్ అనే ఆవిడ పాత సిరామిక్ పళ్లేల్లోంచి గుండ్రటి బిళ్లలు కోసి హారంగా గుచ్చుతుంది. చిల్లులు పడ్డ పళ్లేన్ని కూడా హారం పక్కనే ప్రదర్శనకి పెడుతుంది. ఈ వార్త విన్న సాయంత్రమే మా ఆవిడ వంటింటి అలమరకి తాళం వేసింది. అందులో పాతికేళ్ల కిందటి డిన్నర్ సెట్టుంది. దాంట్లో ఇంతవరకూ ఎవరికీ అన్నం వడ్డించలేదు, వడ్డించేంత గొప్ప చుట్టం ఇంకా రాలేదు. ఆవకాయ జాడీని కూడా లోపల పెట్టబోతుంటే, అది పింగాణీ కాదనీ, స్టోన్‌వేరనే ఇంకో రకం కాల్చిన మట్టనీ పిల్ల చెప్పింది. నలభై ఏళ్లుగా పింగాణీ జాడీ అని పిలిచిన దాన్ని ఇంట్లో ఆడపిల్ల వచ్చి కులం తక్కువ చేసిందని మా ఆవిడ ఆ పూట మాట్లాడలేదు.

పింగాణీకి పినతల్లి కూతురు వరసయ్యే జాస్పర్ అనే మట్టితో ఇంగ్లండులో వెడ్జ్‌వుడ్ 1787లో ఒక బిళ్ల చేయించాడు. బానిసల వ్యాపారం ఆపాలని చెప్పే బిళ్ల, దాని మీద సంకెళ్లతో మోకాళ్ల మీద కూర్చున్న మనిషి బొమ్మ. జనం దాన్ని చేతిగొలుసుల్లో, జడపిన్నుల్లో పొదిగించుకుని తిరిగారు. నగని చూసి రేటు అడక్కుండా సంగతేమిటని అడిగే రోజులు కూడా ఉండేవన్నమాట! ఇలాంటివి మన ఆడపిల్లల చెవిన పడకుండా చూసుకోవాలి.

ప్రభుత్వం కూడా ఈ నగల విషయంలో కళ్లు మూసుకుని కూర్చుంది. బంగారానికి 916 ముద్రుంది, 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య కూడా లేకుండా అమ్మకూడదు. 1994లో ఆదాయప్పన్ను వాళ్లు ఒక ఉత్తర్వు ఇచ్చారు. సోదాకి వెళ్లినప్పుడు పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని పిల్లకి 250, మగవాడికి 100 గ్రాముల దాకా బంగారు నగలుంటే పట్టుకోవద్దని. ఆ వంద గ్రాముల సదుపాయానికి కృతజ్ఞుణ్ణి, అయితే ఇంతవరకూ నాలుగు గ్రాముల పెళ్లి ఉంగరం మేరకే దాన్ని వాడుకోగలిగాను. పింగాణీ గురించి ఆ ఉత్తర్వులో ఒక్క ముక్క లేదు. పెళ్లికాని పిల్ల ఎంత మట్టి పెట్టుకోవచ్చు? అడిగే నాథుడు లేడు.

దొంగల సంగతీ ఆలోచించాలి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్రొస్తుంది, ఊరు ఊరంతా రాత్రుళ్లు వీధుల్లోనే ఉంటుంది. ఆ రద్దీలో మా ఆడవాళ్లు ఒక చెయ్యి దణ్ణానికీ ఒక చెయ్యి గొలుసుకీ పంచుతారు. పోయినసారి ఈ పిల్ల రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టిందట! అమ్మవారి ముందు అంత నిశ్చింత మంచిది కాదని మా అప్ప మందలించింది.

"పడితే?" అని కూడా అడిగింది అప్ప.

"పగులుతుంది."

"పగిలితే?"

"ఇంకోటి చేస్తాను."

బంగారం పగలదు. పగలని దాని కోసం మా అప్ప లాకరుకి ఏటా అద్దె కడుతోంది, పగిలేదాన్ని దాని కూతురు బస్సులో వేసుకు తిరుగుతోంది.

ఇక పెద్దమనిషి దగ్గరే తేల్చుకుందామని, పిల్లని వెంటబెట్టుకుని మా కుటుంబానికి మూడు తరాలుగా తెలిసిన తాకట్టు కొట్టుకి వెళ్లాను. మా అమ్మ గాజులు రెండుసార్లు, మా ఆవిడ నెక్లెసు నాలుగుసార్లు ఆ ఇనప్పెట్టెలో నిద్ర చేసొచ్చాయి. లెక్క తీస్తే, మా నగలు మా ఆడవాళ్ల మెడల్లో కంటే అక్కడే ఎక్కువ కాలం కాపురం చేశాయి.

షావుకారు హారం అందుకుని గోటితో కొట్టాడు. టింగుమంది. గీటురాయి మీద రాశాడు. గీత పడలేదు. యాసిడ్ చుక్క వేశాడు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. తక్కెడ మీద పెట్టాడు. 46.20 అని చూపించింది.

"తూకముంది మాస్టారూ, ధర లేదు" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధుంది.

నేను గెలిచానని లేవబోతుంటే పిల్ల పతకాన్ని వెనక్కి తిప్పింది. అటువైపు గ్లేజు లేదు, గరుగ్గా ఉంది. ఖనిజాల్ని పరీక్ష చేసేవాళ్లు గ్లేజు లేని పింగాణీ పలక మీదే గీసి చూస్తారట. అసలు బంగారమైతే పసుపు గీత, బంగారంలా మెరిసే పైరైటైతే నల్లటి గీత పడుతుందట. బంగారం మెత్తన, పింగాణీ గట్టి, అందుకని. షావుకారు కళ్లు మెరిశాయి. నేను వద్దనేలోపు నా వేలి ఉంగరం లాగి పతకం వెనక బర్రున ఒక గీత గీశాడు.

పసుపుపచ్చటి గీత.

"ఓహో" అన్నాడు. దీపం దగ్గర పెట్టి చూశాడు, అద్దం పెట్టి చూశాడు. "మంచి తెల్లటి రాయి! నల్లదాని మీద నాకీమధ్య సరిగ్గా ఆనడం లేదు. ఇది నాకిచ్చెయ్యమ్మా. ఎంతిమ్మంటావు?"

ఆ హారం ధర అడిగిన మొదటి మనిషి ఆయనే. పిల్ల ఇవ్వనంది. ఆ గీత బాగుందట, ఉంచుకుంటుందట.

ఇక్కడ నేను ఊరుకోలేదు. ఆ గీత నా ఉంగరంలోది, ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట మా మామగారు పెట్టిన బంగారం. దాని తూకమెంతో తేల్చి నాకు ఇప్పించమన్నాను. షావుకారు న్యాయంగా హారాన్ని మళ్లీ తక్కెడ మీద పెట్టాడు. 46.20. అంకె కదల్లేదు. ఉంగరం పెట్టాడు. అదీ తాకట్టు పెట్టిన ప్రతిసారీ ఎంతుందో అంతే ఉంది. ఆయన తక్కెడని రెండుసార్లు తుడిచి మళ్లీ మళ్లీ తూస్తున్నాడు. ఈలోపు ఆ పిల్ల హారం మెడలో వేసేసుకుంది, గీత పడ్డ వైపు బయటికి తిప్పి.